గ్రాంథం సంత – పాత పూటకూళ్ల యిల్లు
(రజతోత్సవ సభలోని ఉపన్యాస పాఠము)



ఇంగ్లండులో లింకన్‌షైరు మండలమున గ్రాంథం అను సంతయూరు కలదు. పేరు వినగానే గ్రంథము స్ఫురించును గాని, ఆ రెంటికిని చుట్టరికమేమియు లేదు. అయినను గ్రంథాలయ సభలో ఆ ఊరి ప్రసక్తికి కారణము లేకపోలేదు.

లండనునుండి ఉత్తరమునకు పోవు పాత రాచబాట ఆ ఊరిగుండ సాగెడిది. బాటసారులకు అన్నము, పడక, గుఱ్ఱములకు మేత దొరకుటకై అచట పూటకూళ్ల యిండ్లు వెలసినవి. మన సత్రములవలె అవి ఉచితములు కావు. వానిలో మిక్కిలి పేరుగన్నది 'ఏంజెల్', అనగా దేవదూత. 1866లో యువరాజు వచ్చిపోయిన పిదప 'రాయల్' అను మాటయు దాని పేరున చేరినది. రాతి ముఖభాగము పదునైదవ శతాబ్దపుది. నడిమి కమానుపై కిరీటము పట్టిన దేవదూత బొమ్మ కలదు. 1483 అక్టోబరు 19న మూడవ రిచర్డు రాజు, తిరుగబడిన బకింగుహాము ప్రభువును అణచుటకు పూనుకొని, రాజముద్రికను తెప్పించి అందుకొనినది ఈ యింటి గదిలోనే. రెండు వారములకు ఆ ప్రభువు తల తెగినది.

రాజుల కథకన్న ఒక యజమాని కథ రుచిగా నుండును. మైకేల్ సాలమన్ అను నతడు 1706లో గతించుచు, ఈ యింటి అద్దెనుండి ఏటేట 40 షిల్లింగులు వెచ్చించి, త్రాగుబోతుతనమును ఖండించుచు చర్చిలో ఉపదేశము చేయింపవలెనని మరణశాసనము వ్రాసెను. మద్యమమ్మిన యింటి సొమ్ముతోనే మద్యము మానుమని చెప్పించుట! అది పశ్చాత్తాపమో చమత్కారమో ఆయనకే యెఱుక.

ఆ ఊరి పెద్ద చర్చి సెయింట్ వుల్‌ఫ్రమ్. దాని దక్షిణ ద్వారమంటపముపై నొక చిన్నగది కలదు. 1598లో వెల్బర్ను గ్రామపు మతాచార్యుడు ఫ్రాన్సిస్ ట్రిగ్ అందు గ్రంథాలయము నెలకొల్పెను. మతాచార్యులకేగాక ఊరివారికిని అచట చదువుకొను హక్కు కల్పించుట దాని విశేషము. పుస్తకములు మాత్రము గొలుసులతో కట్టబడియుండెను. ఇంటికి పుస్తకము తీసికొనిపోవు చందాదారులకు ఇది కఠినముగా తోచవచ్చును. కాని ఆనాడు పుస్తకపు వెల సామాన్యునికి అందునది కాదు. నేటికిని కొన్ని పుస్తకములకు ఆ గొలుసులు వ్రేలాడుచున్నవి.

ఊరిలో 1858నాటి కంచు విగ్రహమొకటి యున్నది. అది ఐజాక్ న్యూటనుది. ఆ బాలుడు 1655లో ఏడుమైళ్ల దూరపు పల్లెనుండి చదువుకై వచ్చి, మందుల దుకాణదారుడైన క్లార్కు ఇంట బసచేసెను. కొన్నేండ్లకు తల్లి, సేద్యము చూచుకొమ్మని బడి మాన్పించినది. శనివారపు సంతలో ధాన్యమమ్ముటకు ముసలి పాలేరుతో పంపెడిది. 'సారసెన్స్ హెడ్' అను పూటకూళ్ల యింట గుఱ్ఱములను కట్టివేసి, బేరము పాలేరునకు వదలి, న్యూటను క్లార్కు ఇంటి అటకగదికి పరుగెత్తెడివాడు. ఇంటికి మరలు వేళదాక అచటి పాత పుస్తకములలో మునిగియుండెడివాడు. ఒక్కొక్కప్పుడు సంతకే పోక, దారిలో కంచెమాటున చదువుకొనుచు నుండెడివాడు.

సేద్యము అతనికి అబ్బదని మేనమామయు, బడిపంతులు స్టోక్సును తల్లికి నచ్చజెప్పిరి. పొరుగూరి పిల్లలు చెల్లింపవలసిన రుసుము 40 షిల్లింగులు. దానిని పంతులు వదలుకొనెను. న్యూటను మరల బడికి వచ్చి, 1661లో కేంబ్రిడ్జికి వెడలెను.