చేరినవారు ముగించాలంటే

క్రైస్తవ దైవశాస్త్రంలో డాక్టరేట్ చేసేవారికి అండ ఎలా ఉండాలన్నది ఈ రోజు నేను ఎంచుకున్న విషయం. అమెరికాలోని హిస్పానిక్ సమాజం, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న ప్రజలు, ఈ ప్రశ్నతో నాలుగు దశాబ్దాలుగా పెనుగులాడి, ఆచరణలో ఒక జవాబు సాధించింది. ఉపకార వేతనం విద్యార్థిని విశ్వవిద్యాలయం గుమ్మం దాటిస్తుంది గాని, సిద్ధాంత గ్రంథాన్ని ముగింపుకు చేర్చేది మనుషుల తోడు. కాబట్టి దాతలు ఫీజులతో సరిపెట్టకుండా ఆ తోడు కోసం కూడా, ఏ మూడేళ్లకో ముగిసిపోని రీతిలో, నిధి ఏర్పాటు చేయాలి. నా వాదన ఇదే.

నేపథ్యం కొంత చెప్పాలి. 1848లో మెక్సికో ఓటమితో నేటి కాలిఫోర్నియా, న్యూ మెక్సికో ప్రాంతాలు అమెరికా వశమయ్యాయి. స్పానిష్‌లో ప్రార్థించే క్యాథలిక్ కుటుంబాలు అప్పటికే అక్కడ తరతరాలుగా ఉన్నాయి. అయినా మెక్సికన్ అమెరికన్లలో తొలి బిషప్‌గా పాట్రీసియో ఫ్లోరెస్ నియమితుడయ్యేసరికి 1970 వచ్చింది. పీఠాల సంగతే అలా ఉంటే పరిశోధన పీఠాల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. 1980 జనగణనలో 1.46 కోట్లున్న హిస్పానిక్ జనాభా 2020 నాటికి 6.21 కోట్లయింది, దేశ జనాభాలో దాదాపు 19 శాతం. సంఘాలు నిండాయి. ఆ సంఘాలకు బోధించే కాపరుల్ని తయారు చేసే సెమినరీల్లో మాత్రం వాళ్ల భాష, చరిత్ర తెలిసిన ఆచార్యులు చాలా అరుదుగా ఉండేవారు. క్యూబాలో పుట్టిన చర్చి చరిత్రకారుడు హూస్తో గొంసాలెస్ హిస్పానిక్ ప్రజల దైవశాస్త్ర విద్య మీద 1988లో వెలువరించిన అధ్యయనం ఈ లోటును అందరి ముందూ పెట్టింది.

లోటు ప్రతిభది కాదు, దారిది. అమెరికాలో దైవశాస్త్ర పరిశోధనకు చేరాలంటే డిగ్రీ మీద సాధారణంగా రెండు మూడేళ్ల సెమినరీ చదువు కావాలి. ఆపైన పీహెచ్‌డీకి ఐదారేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఇంట్లో కాలేజీ ముఖం చూసిన మొదటి మనిషికి, మొదటి చదువుల అప్పే తీరని మనిషికి ఇది మోయలేని బరువు. చాలామంది హిస్పానిక్ పాస్టర్లు వారమంతా ఉద్యోగం చేసి ఆదివారం సంఘాన్ని నడుపుతారు. చిన్నప్పుడే పత్రాలు లేకుండా అమెరికాకు వచ్చి, 2012లో మొదలైన డాకా పథకం కింద ఉంటున్న యువకులకు సమాఖ్య ప్రభుత్వ విద్యా సహాయం అందదు. పరిశోధన భాషలుగా ఫ్రెంచ్, జర్మన్ నేర్వాలి, గ్రంథం ఆంగ్లంలో రాయాలి. విభాగంలో తనలాంటి వారు మరొకరు ఉండరు. తన సమాజపు భక్తి పరిశోధనకు తగిన వస్తువేనని గైడ్‌ను ఒప్పించడానికే ఒక ఏడాది పోతుంది. ఈ చివరి కష్టానికి ఏ ఉపకార వేతనమూ మందు కాదు.

1996లో మొదలైన హిస్పానిక్ థియొలాజికల్ ఇనిషియేటివ్ ప్రత్యేకత ఇక్కడే ఉంది. ప్యూ ధర్మనిధి డబ్బుతో, గొంసాలెస్ చొరవతో అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో ఆరంభమై, తర్వాత ప్రిన్‌స్టన్ సెమినరీకి మారింది. ఫెలోషిప్ ఇచ్చి ఊరుకోకుండా, ప్రతి విద్యార్థికీ ఆ దారిలో నడిచి వచ్చిన ఒక హిస్పానిక్ ఆచార్యుణ్ణి తోడిచ్చింది. ప్రకరణాలు చదివి భాష సరిదిద్దే సంపాదకుల్ని కుదిర్చింది. వేర్వేరు విశ్వవిద్యాలయాల్లో ఒంటరిగా ఉన్నవారిని ఏటా ఒకచోట కూర్చి, ఒకరి రాతలు ఒకరు వినేలా చేసింది. కలిసి ఆలోచించడం లాటినో దైవశాస్త్రానికి మొదటి నుంచీ ఉన్న పద్ధతి. ఆ పద్ధతినే సహాయానికి కూడా వర్తింపజేశారు. ఈ ఏర్పాట్లకయ్యే ఖర్చు ఒక విద్యార్థి ఏళ్ల తరబడి కట్టే ఫీజుల పక్కన స్వల్పం. దాతలు మొదట కోత పెట్టేది మాత్రం దీనికే, ఎందుకంటే సంపాదకుడి జీతానికి ఫోటో రాదు.

ఫలితం మాటేమిటి? అమెరికా గ్రాడ్యుయేట్ స్కూళ్ల మండలి 2008లో వెలువరించిన లెక్కల ప్రకారం మానవీయ శాస్త్రాల్లో పీహెచ్‌డీకి చేరినవారిలో పదేళ్లకు పట్టా అందుకున్నది సుమారు సగం మందే. తన విద్యార్థుల్లో పూర్తి చేసేవారు 90 శాతానికి పైనే అని ఇనిషియేటివ్ చెబుతోంది. మెరికల్నే ఏరుకుంటే ఫలితం బాగానే ఉంటుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే, ఎంపిక ప్రభావం కొంత ఉండకపోదు. అయితే ఆ మిగతా సగం మంది కూడా కఠినమైన పోటీలో నెగ్గి సీటు తెచ్చుకున్నవారే. ప్రతిభే ముగింపును నిర్ణయిస్తే వాళ్లూ ముగించి ఉండాలి. తరగతులు అయిపోయి, పరీక్షలు గట్టెక్కి, గ్రంథ రచన మధ్యలో ఆగిపోయేవారికి కొరవడేది తెలివి కాదని పరిశోధన పర్యవేక్షించిన ఎవరికైనా తెలుసు.

ఒక సమాజానికి ప్రత్యేకంగా ఎందుకు, పేద విద్యార్థులందరికీ ఇవ్వవచ్చు కదా అన్నది మరింత బలమైన అభ్యంతరం. దీనికి నా జవాబు దైవశాస్త్రం నుంచే వస్తుంది. సాన్ ఆంటోనియో గురువు వర్జీలియో ఎలిసోండో 1972లో అక్కడ మెక్సికన్ అమెరికన్ సాంస్కృతిక కేంద్రం స్థాపించి, ఆపైన పారిస్‌లో డాక్టరేట్ చేశాడు. యేసు గలిలయవాడు కావడంలోని అర్థాన్ని, రెండు ప్రపంచాల మధ్య ఇరుకున పడిన సరిహద్దు ప్రజల కళ్లతో ఆయన చదివాడు. సామాన్య లాటినా స్త్రీల మాటల్ని దైవశాస్త్రానికి ఆధారంగా స్వీకరించింది ఆదా మరియా ఇసాసి దియాస్. సువార్తలు చదివే ప్రతివారికీ ఈ పని ఉపయోగపడింది. ఆ ప్రశ్నలు తట్టింది మాత్రం ఆ జీవితం జీవించినవారికే. ఒక సమాజాన్ని పరిశోధనకు దూరంగా ఉంచితే, ఆ సమాజం అడగగలిగిన ప్రశ్నలు శాస్త్రానికి శాశ్వతంగా అందకుండా పోతాయి.

సెమినరీలే కుంచించుకుపోతుంటే ఇంతమంది డాక్టర్లు ఎక్కడ బతుకుతారన్న ఆందోళనను నేను తేలిగ్గా తీసుకోను. శాశ్వత ఆచార్య పదవులు తగ్గుతున్న మాట నిజం. కాని స్పానిష్‌లో నడిచే బైబిలు పాఠశాలలు అమెరికా అంతటా ఉన్నాయి. హిస్పానిక్ దైవశాస్త్ర విద్యా సంఘం వాటి ప్రమాణాలు పరిశీలించి ధృవీకరణ ఇస్తోంది, అక్కడ చదివినవారికి సెమినరీల తలుపులు తెరుచుకుంటున్నాయి. ఆ బడులకు గట్టి బోధకులు కావాలి. సంఘాలకు కాపరులు చాలు, పండితులెందుకు అనేవారు ప్యూ పరిశోధన సంస్థ గణాంకాలు చూడాలి. అమెరికాలోని లాటినో వయోజనుల్లో క్యాథలిక్కులు 2010లో 67 శాతం, 2022 నాటికి 43 శాతం. ఏ మతమూ లేదనేవారు 10 నుంచి 30 శాతానికి పెరిగారు. అలా దూరమవుతున్నవారి ప్రశ్నలకు కంఠతా పట్టిన జవాబులు సరిపోవు.

బయటి సంస్థ ఇంత చేస్తే విశ్వవిద్యాలయాలు తమ బాధ్యత వదులుకోవా అన్న సందేహానికి అక్కడే పరిష్కారం దొరికింది. 2007లో ఇనిషియేటివ్ డాక్టరేట్ ఇచ్చే విద్యాసంస్థల్ని ఒక కూటమిగా కూర్చింది. సభ్యత్వం తీసుకున్న సంస్థలు రుసుము కట్టి, తమ విద్యార్థుల తోడ్పాటు ఖర్చులో పాలుపంచుకుంటాయి. ఒక్క ధర్మనిధి దయ మీద ఆధారపడే స్థితి అలా కొంత తగ్గింది. నా దృష్టిలో వాళ్ల పనిలో అన్నిటికంటే దూరదృష్టి గలది ఇదే.

ఈ అనుభవం మనకు పరాయిది కాదు. తెలుగు క్రైస్తవుల్లో అత్యధికులు మాల మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవారు. 1980లలో మొలకెత్తిన దళిత దైవశాస్త్రం ఇలాంటి జీవితంలోంచే ప్రశ్నలు వేసింది. తెలుగులో ప్రార్థించి, ఆంగ్లంలో సిద్ధాంత గ్రంథం రాయవలసిన విద్యార్థికి మన కళాశాలలు ఇస్తున్న తోడు ఎంత? ఈ సదస్సు వ్యవహారాల సమావేశం ముందు నేను రెండు ప్రతిపాదనలు ఉంచుతున్నాను. దైవశాస్త్ర కళాశాలలు పరిశోధనకు చేరినవారి సంఖ్యతో పాటు, ఎందరు ఎన్నేళ్లలో ముగించారో కూడా ఏటా ప్రకటించాలి. కొత్తగా వచ్చే ప్రతి విరాళంలో ఒక వంతు సంపాదకులకు, సీనియర్ పరిశోధకుల తోడుకు, విద్యార్థుల వార్షిక సమావేశానికి కేటాయించాలి. ఆ వంతు ఎంతో మీరు నిర్ణయించండి.