పసిపిల్లలకు వ్యాయామ విద్య: మనం చేయవలసిన పని

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం ఈ వేదిక మీద చదువుల గురించి మాట్లాడుకుంటాం. స్కాలర్‌షిప్పులు, హాస్టలు సీట్లు, పోటీ పరీక్షలు, ఇవన్నీ అవసరమే. కాని అవన్నీ పెద్ద పిల్లల సంగతులు. ఈరోజు మేము మూడేళ్ళు నిండి ఆరేళ్ళు దాటని పిల్లల గురించి, అందులోనూ వాళ్ళ కాళ్ళూ చేతుల కదలిక గురించి నాలుగు మాటలు మనవి చేయదలిచాం. “పిల్లలన్నాక గెంతరా, పరిగెత్తరా, దీనికి ఒక ఉపన్యాసం ఎందుకు?” అని కొందరికి అనిపించవచ్చు. పిల్లలు తమంతట తాము గెంతుతారు, నిజమే. కాని తమంతట తాము అన్నీ నేర్చుకోరు. దూకడం, విసరడం, పట్టుకోవడం, ఒంటికాలి మీద నిలబడడం కూడా అక్షరాల మాదిరే ఒక వరుసలో, పెద్దవాళ్ళు దగ్గరుండి నేర్పవలసినవి. మేము చెప్పదలచినది ఇదే.

ముందు మన ఇళ్ళ పరిస్థితి చూద్దాం. బిడ్డకు మూడేళ్ళు నిండగానే నర్సరీలో వేస్తాం. అక్కడ బెంచీ మీద కూచోబెట్టి పెన్సిలు చేతికిస్తారు. ఇంటికొస్తే రెండు గదులు, బయట గల్లీలో ఆటోలు, బైకులు. అమ్మీకి వంటపని, కుట్టుపని. సెల్‌ఫోను చేతికిస్తే బిడ్డ గమ్మున కూచుంటాడు. తల్లిని తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. గల్లీలో చోటు లేకపోవడం ఆమె తప్పు కాదు. కాని జరుగుతున్నదేమిటంటే, ఒళ్ళు ఎదిగే వయసులో బిడ్డ రోజంతా కూచునే ఉంటున్నాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ళ లోపు పిల్లల కోసం కొన్ని సూచనలు ప్రకటించింది. మూడు, నాలుగేళ్ళ పిల్లలు రోజు మొత్తం మీద 180 నిమిషాలు ఒళ్ళు కదిలించాలి. అందులో కనీసం 60 నిమిషాలు ఊపిరి వేగం పెరిగేలా ఆడాలి. ఒకేచోట కట్టేసినట్టు గంటకు మించి కూచోబెట్టరాదు. ఫోను, టీవీ వంటి తెర ముందు రోజుకు గంటకు మించి ఉంచరాదు, అంతకన్నా తక్కువైతే ఇంకా మంచిది. ఈ లెక్క పక్కన మన పిల్లల రోజును పెట్టి చూసుకోండి.

ఇక పెన్సిలు సంగతి. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి ఎముకలు కావు, మెత్తని మృదులాస్థి. ఒక్కొక్కటిగా గట్టిపడుతూ వస్తాయి. అన్నీ పూర్తయ్యేసరికి తొమ్మిది, పదేళ్ళు దాటుతాయి. అదీగాక శరీరం మీద పట్టు పైనుంచి కిందికి, నడుము నుంచి వేళ్ళకు వస్తుంది. ముందు మెడ నిలబడుతుంది, తర్వాత నడుము, ఆ తర్వాత భుజం, మోచెయ్యి, చివరికి వేళ్ళు. భుజం స్థిరపడని బిడ్డ పెన్సిలును పిడికిట్లో బిగించి పట్టుకుంటాడు. నాలుగు గీతలు గీసేసరికి చెయ్యి నొప్పెడుతుంది. మామూలుగా మూడేళ్ళకు గుండ్రం చూసి గీస్తారు, నాలుగేళ్ళకు చతురస్రం, ఐదేళ్ళకు త్రిభుజం. ఏటవాలు గీతే రాని వయసులో ‘క్ష’ దిద్దమంటే ఏం దిద్దుతాడు? దిద్దలేదని వాడికి ‘మొద్దు’ అని పేరు పెడతాం. ఆ పేరు పెద్దయ్యాక కూడా పోదు. అసలు నష్టం అక్కడ ఉంది.

ఇక్కడ ఒక పాత పరీక్ష గుర్తుచేస్తాం. 1929లో అమెరికాలో ఆర్నాల్డ్ గెసెల్, హెలెన్ థామ్సన్ అనేవారు కవల ఆడపిల్లలను పరిశీలించారు. ఒక పాపకు 46 వారాల వయసులో మొదలుపెట్టి ఆరు వారాలపాటు మెట్లెక్కడం నేర్పారు. రెండో పాపకు 53 వారాల వయసు వచ్చాక రెండు వారాలే నేర్పారు. అంత తక్కువ శిక్షణతోనే రెండో పాప దాదాపు అక్కను అందుకుంది. ఒళ్ళు సిద్ధం కాకముందు తొందరపడితే ఫలితం లేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

అయితే దీన్ని పట్టుకుని “వయసొస్తే అన్నీ అవే వస్తాయి” అనుకుంటే అదీ పొరపాటే. మెట్లెక్కడం, నడక వంటివి చాలావరకు వయసుతో వస్తాయి. బంతి విసరడం, పట్టుకోవడం, ఒంటికాలితో గెంతడం వంటివి అలా పూర్తిగా రావు. పిల్లల కదలిక నైపుణ్యాల శిక్షణ మీద అప్పటికి జరిగిన 11 అధ్యయనాలను 2012లో కొందరు అమెరికా పరిశోధకులు కలిపి లెక్కగట్టారు. పద్ధతిగా నేర్పిన పిల్లలు స్పష్టంగా మెరుగుపడ్డారు. ఊరికే వదిలేసి ఆడుకోనిచ్చిన పిల్లల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. కాబట్టి స్వేచ్ఛగా ఆడుకోనివ్వాలి, దానితోపాటు రోజూ కొంతసేపు నేర్పాలి. రెండూ కావాలి.

మన దేశంలో ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టి పసిపిల్లలకు ఆటపాటలతో చదువు చెప్పారు. మారియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. నేల మీద గీత గీసి దాని మీద పిల్లలను నడిపించడం, గుండీలు పెట్టించడం, నీళ్ళు ఒంపించడం ఆమె పద్ధతిలో పాఠాలే. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంలోని ఆరు సేవల్లో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల పూర్వ ప్రాథమిక విద్య ఒకటి. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒక దశగా లెక్కించి ఆట ద్వారా నేర్పమన్నది. కాగితం మీద లోటు లేదు. లోటంతా మన ముంగిట్లో ఉంది.

మరి నేర్పవలసినవి ఏమిటి? మూడు రకాలుగా చెప్పుకోవచ్చు. మొదటిది ఒంటిని ఒకచోటి నుంచి మరోచోటికి తీసుకుపోయేవి: పరుగు, గెంతు, దూకుట, పక్కకు జరుగుతూ పోవుట. రెండవది నిలకడ: గీత మీద నడక, ఒంటికాలి మీద నిలబడుట. మూడవది వస్తువును అదుపు చేసేవి: విసరుట, పట్టుట, తన్నుట, బ్యాటుతో కొట్టుట. మూడేళ్ళకు బిడ్డ క్షణకాలం ఒంటికాలి మీద నిలబడతాడు, నాలుగేళ్ళకు ఒంటికాలితో గెంతుతాడు, ఐదేళ్ళకు కాళ్ళు మార్చి మార్చి గెంతుతూ పోతాడు. ఒకరిద్దరు కాస్త ముందూ వెనకా ఉంటారు, దానికి కంగారు పడనక్కరలేదు.

ఇప్పుడు అరగంట పాఠం ఎలా ఉండాలో చెబుతాం. మొదటి ఐదు నిమిషాలు ఒళ్ళు వేడెక్కించడం: కప్పలా, గుర్రంలా, ఏనుగులా నడిపించండి. తర్వాత పావుగంట ఒకే ఒక్క నైపుణ్యం. ఉదాహరణకు బంతి పట్టడం. మూడేళ్ళ బిడ్డ చేతులు కర్రల్లా చాచి, బంతి రాగానే మొహం తిప్పేసుకుంటాడు. అది భయం. ముందు బెలూను ఇవ్వండి, అది మెల్లగా దిగుతుంది. దానికి అలవాటుపడ్డాక పాత గుడ్డలు కుక్కిన పెద్ద మెత్తని బంతి, ఆ తర్వాత చిన్నది. మొదట గుండెకు హత్తుకుని పడతాడు, పోగాపోగా వేళ్ళతో పడతాడు. విసరడంలో చెప్పవలసిన ముఖ్యమైన మాట ఒకటే: కుడిచేత్తో విసిరితే ఎడమకాలు ముందుకు పడాలి. నేల మీద సుద్దతో పాదం గుర్తు వేస్తే బిడ్డ తనే అడుగు వేస్తాడు. ఆ తర్వాత ఏడెనిమిది నిమిషాలు నేర్చిన దాన్ని ఆటలో పెట్టండి. చివర రెండు నిమిషాలు పడుకోబెట్టి మెల్లగా ఊపిరి తీయించండి. బెలూను పగిలితే మాత్రం ముక్కలు వెంటనే ఏరేయాలి, గొంతులో అడ్డం పడితే ప్రాణం మీదికి వస్తుంది.

రెండు జాగ్రత్తలు తప్పక పాటించాలి. పిల్లలను వరుసలో నిలబెట్టి ఒక్క బంతితో ఆడించవద్దు. ఇరవైమంది వరుసలో ఒక్కడే ఆడతాడు, మిగతావాళ్ళు ఎదురుచూస్తారు. తలా ఒక గుడ్డబంతి కుట్టివ్వడం మన తల్లులకు పెద్ద పని కాదు. రెండవది, ఓడినవాణ్ణి పక్కన కూచోబెట్టే ఆటలు ఈ వయసుకు వద్దు. అభ్యాసం ఎక్కువ కావలసినవాడే ముందు బయటికి పోతాడు.

సామానుకు ఖర్చు లేదు. పాత సైకిలు టైరు, కొబ్బరితాడు, సుద్దముక్క, ఇసుక నింపిన చిన్న గుడ్డసంచి చాలు. మన ఆటల్లో పాఠాలు బోలెడున్నాయి. తొక్కుడుబిళ్ళలో ఒంటికాలి నిలకడ ఉంది. ఏడు పెంకులాటలో గురి ఉంది. నాలుగు స్తంభాలాటలో చటుక్కున ఆగడం, మళ్ళడం ఉన్నాయి. చెమ్మచెక్కలో రెండు చేతుల పొందిక ఉంది. దాదీలు, నానీలు ఇవి నేర్పగలరు. వేళ్ళ బలానికి ఇంట్లోనే పనులున్నాయి: రొట్టెల పిండి పిసకడం, బఠాణీలు ఒలవడం, తడిబట్ట పిండడం, డబ్బా మూత తిప్పడం. గింజలు, పూసలు ఇచ్చినప్పుడు మాత్రం పక్కనే ఉండాలి, ముక్కులోనో నోట్లోనో పెట్టుకుంటారు.

ఆడపిల్లల మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఈ వయసులో పరుగు, గెంతుల్లో ఆడా మగా పెద్ద తేడా కనపడదు. విసరడంలో, తన్నడంలో మాత్రం మగపిల్లలు ముందుంటారు. మన ఇళ్ళలో బంతి ఎవరి చేతికిస్తాం, బొమ్మ ఎవరి చేతికిస్తాం అన్నది ఆలోచించండి. నేర్పితే ఆడపిల్లలూ నేర్చుకుంటారు. నాలుగేళ్ళ పాపను “గెంతకు, కూచో” అని అదిలించే మాట మన ఇళ్ళలోంచి పోవాలి.

వెనకబడిన బిడ్డను కొట్టవద్దు, వెక్కిరించవద్దు. పదే పదే పడిపోతున్నా, ఒకవైపు చెయ్యీ కాలే వాడుతున్నా, పద్దెనిమిది నెలలు దాటినా నడవకపోయినా, వచ్చిన పని మళ్ళీ పోయినా వెంటనే డాక్టరుకు చూపించాలి. బడియీడు పిల్లల్లో నూటికి ఐదారుగురికి తెలివి బాగానే ఉన్నా చేతులూ కాళ్ళ పొందిక సరిగా కుదరదు. వాళ్ళకు తిట్లు కాదు, అదనపు అభ్యాసం కావాలి.

చివరగా సంఘానికి మా విన్నపం. మన పాత మొహల్లాల్లో పెద్దవాళ్ళ కసరత్తుకు తాలీంఖానాలు ఉండేవి, కొన్నిచోట్ల ఇప్పటికీ ఉన్నాయి. పసివాళ్ళకేమున్నది? షాదీఖానా పెళ్ళిళ్ళు లేని రోజుల్లో తాళం వేసి ఉంటుంది. వారానికి ఐదు రోజులు ఉదయం ఒక గంట ఆ హాలు పిల్లలకోసం తెరిపించండి. ఇంటరు, డిగ్రీ చదువుతున్న మన అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు ముందుకు వస్తే, మేము వచ్చి నెలరోజులు వాళ్ళకు ఈ పద్ధతి చూపిస్తాం. దగ్గరలోని అంగన్‌వాడీ టీచరును కూడా పిలుద్దాం. మొదటిరోజు ప్రతి బిడ్డా ఏమేమి చేయగలిగాడో ఒక నోటుబుక్కులో రాసుకుని, మూడు నెలల తర్వాత మళ్ళీ చూసి రాద్దాం. వచ్చే వార్షికోత్సవంలో ఉపన్యాసానికి బదులు ఆ నోటుబుక్కు ఈ సభ ముందు పెట్టగలిగితే మాకు అంతకన్నా సంతోషం లేదు.