నీళ్ల లెక్క అడిగినట్టే పైసల లెక్కా అడుగుదాం

(కర్నూలులో విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది. ఆనాటి నుంచి మన నోట ఒకటే మాట: మా వాటా ఏది? నీళ్లలో వాటా, రాజధానిలో వాటా, ఉద్యోగాల్లో వాటా. 1953 అక్టోబరు 1న కర్నూలుకు వచ్చిన రాజధాని మూడేళ్లకే, 1956 నవంబరు 1న, హైదరాబాదుకు తరలిపోయింది. ఈ కథ ఇక్కడ కూర్చున్న పిల్లలకు కూడా కంఠోపాఠం. దాన్ని మళ్లీ చెప్పడానికి మేము రాలేదు. వాటాగా వచ్చిన ఆ కాస్త రూపాయి, మన ఊరి పొలిమేర దాకా వచ్చిన రూపాయి, చివరికి ఏమైంది? ఈ ప్రశ్న మనల్ని మనమే వేసుకుందామని వచ్చాం.

పన్ను కట్టేవాడు ఎవరు? జీతంలో వృత్తి పన్ను కోతపడే ఉద్యోగి ఒక్కడేనా? సబ్బు కొన్న కూలీ, ట్రాక్టరుకు డీజిల్ పోయించిన రైతు, సెల్లుకు రీఛార్జి చేయించుకున్న విద్యార్థి అందరూ కడుతున్నారు. కట్టినవాడికి అడిగే హక్కు ఉంది. మనం కట్టినదాన్ని మనకే దానం చేసినట్టు ఫ్లెక్సీలు కడుతుంటే చప్పట్లు కొట్టడం మానుకోవాలి.

ఈ పాఠం మనకు కె.సి. కాలువే నేర్పింది. సుంకేసుల నుంచి కడప దాకా ఆ కాలువ తవ్వింది సర్కారు కాదు, మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ఇంగ్లీషు కంపెనీ. పది లక్షల పౌండ్ల పెట్టుబడికి ఏటా 5 శాతం వడ్డీ ఇస్తామని ప్రభుత్వం హామీ ఇచ్చింది. కాలువ పారినా పారకపోయినా లండన్ వాటాదారుకు వడ్డీ ముట్టాల్సిందే. ఆ కాలంలోనే 1876-78 ధాత కరువు వచ్చి సీమ పల్లెలు వల్లకాడయినాయి. కంపెనీ నిలదొక్కుకోలేక చేతులెత్తేస్తే 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనుక్కుంది. నష్టం భరించింది శిస్తు కట్టిన రైతు. ఎవరి డబ్బు, ఎవరి లాభం, ఎవరి పూచీ అని అడిగే వీలు ఆనాటి రైతుకు లేదు. ఈనాడు మనకు ఓటుంది, చట్టముంది. అయినా అడుగుతున్నామా? కె.సి. కాలువకు 39.9 టి.ఎం.సి.ల కేటాయింపు అని వేళ్ల మీద చెప్తాం. కాలువ ఆధునికీకరణకు 1996లో జపాన్ రుణం వచ్చింది. ఏ కిలోమీటరులో ఎంత సిమెంటు పడిందో మనలో ఎవరైనా చెప్పగలరా?

ఈ నగరం సంగతే చూడండి. 2005లో ఎన్నికైన కర్నూలు నగరపాలక సంస్థ గడువు 2010లో ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. పదేళ్లకు పైగా కార్పొరేటరు లేడు, మేయరు లేడు, ప్రత్యేకాధికారుల పాలన. ఇంటి పన్ను మాత్రం ఒక్క ఏడూ ఆగలేదు. నీ వీధి కాలువ పూడిపోతే ఎవరి కాలరు పట్టుకుంటావు? ఓటు వేసిన మనిషే లేనప్పుడు పన్ను కాస్తా కప్పం అయిపోతుంది.

2021లో ఇంటి పన్నును అద్దె విలువ నుంచి ఆస్తి మూలధన విలువ మీదికి మార్చారు. ఏటా 15 శాతానికి మించి పెంచం అని ఊరడించారు. లెక్క కట్టండి: ఏటా 15 శాతం పెరిగితే అయిదేళ్లకు రెట్టింపు. ఆ ఏడాదే చెత్త పన్ను వచ్చింది, 2024లో పోయింది. వేసినప్పుడు మనల్ని అడగలేదు, తీసేసినప్పుడు వసూలైనదాని లెక్క మన ముందు పెట్టలేదు.

విద్యార్థులకు ఒక మాట. ఇంటి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. గ్రూప్స్ పరీక్షలకు చదివే మీకు గ్రంథాలయంలో కుర్చీ దొరకదు. మున్సిపాలిటీలు ఆ సెస్సు వసూలు చేసుకుని గ్రంథాలయ సంస్థకు బకాయి పెట్టడం రాష్ట్రమంతా ఉన్న జబ్బు. మీ ఊరి బకాయి ఎంతో అడిగారా?

పల్లెల గతీ ఇంతే. 2018 ఆగస్టులో పంచాయతీల గడువు తీరింది. 2021 ఫిబ్రవరి దాకా ఎన్నికలు లేవు. ఎన్నికైన పాలకవర్గం లేకుంటే కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగిపోతాయని తెలిసీ జాప్యం చేశారు. తీరా సర్పంచులు వచ్చాక, 2021లో, ఖాతాలో ఉన్న ఆర్థిక సంఘం డబ్బును కరెంటు బకాయిల కింద లాగేసుకున్నారు. సర్పంచులు రోడ్డెక్కారు. ఊరి ఖజానా తాళం ఊరి చేతిలో లేదని తేలిపోయింది.

ఇక పెద్ద లెక్క. విభజన చట్టం కింద వెనుకబడిన ఏడు జిల్లాలకు జిల్లాకు ఏటా 50 కోట్ల చొప్పున మూడేళ్లు వచ్చాయి. 2018 ఫిబ్రవరిలో వేసిన 350 కోట్లను కేంద్రం వెనక్కి లాక్కుంది. దాని మీద మనం ధర్నాలు చేశాం, మంచిదే. కానీ ఆ మూడేళ్లలో అప్పటి ఉమ్మడి కర్నూలుకు 150 కోట్లు, కడపకు 150 కోట్లు వచ్చాయి కదా! ఏ ఊళ్లో ఏ పని చేశారో జాబితా పట్టుకుని తిరిగినవాళ్లం మనలో ఎందరం? రాని డబ్బు కోసం అరిచాం, వచ్చిన డబ్బును గాలికొదిలాం. ఇది మన ఉద్యమం తప్పు. ఒప్పుకుందాం.

కడప ఉక్కు సంగతి చూడండి. 2007లో ఒక శంకుస్థాపన, 2018లో ఒకటి, 2019లో ఒకటి, 2023లో ఇంకొకటి. హెలిప్యాడ్లకు, షామియానాలకు, జనాన్ని తోలిన బస్సులకు పెట్టిన ఖర్చెంత? ఉక్కు రాలేదు, రాళ్లు మాత్రం నాలుగయ్యాయి.

అయితే ఏం చేయాలి? దారి మన సీమలోనే ఉంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. దాని వెంట సామాజిక తనిఖీ వచ్చింది. మస్టరు రోలు అందరి ముందు చదివి, "ఈ పనికి నువ్వు పోయినావా అప్పా?" అని కూలీనే అడిగారు. దొంగ పేర్లు బయటపడ్డాయి. తిన్నదంతా కక్కించలేకపోయారు, నిజమే. కానీ అడగొచ్చని కూలీకి తెలిసింది. కూలీలు అడగగలిగినది, డిగ్రీలున్న మనం అడగలేమా?

1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం వార్షిక లెక్కలు, ఆడిట్ నివేదిక గ్రామసభ ముందు పెట్టాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద మన రాష్ట్ర నిబంధనల్లో గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. సెలవులకు ఊరికి పోయే ప్రతి విద్యార్థీ ఒక్క పని ఎంచుకోండి. ఒక సి.సి. రోడ్డో, ఒక నీళ్ల ట్యాంకో. దాని ఎస్టిమేటు, ఎం.బుక్కు నకలు తీసుకోండి. టేపు పట్టి కొలవండి. కొలిచింది గ్రామసభలో చదవండి. ఉద్యోగ మిత్రులారా, ఏ కాగితం ఏ బీరువాలో ఉంటుందో మీకు తెలుసు. మీరు బీరువా తెరవనక్కర్లేదు. దరఖాస్తు ఎలా రాయాలో మా పిల్లలకు నేర్పండి చాలు.

"రాష్ట్రం వస్తే అన్నీ అవే చక్కబడతాయి" అనేవాళ్లున్నారు. మేము ఆ మాట అనం. లెక్క అడగడం నేర్చుకోకుండా రాష్ట్రం తెచ్చుకుంటే విజయవాడ కాంట్రాక్టరు పోయి కర్నూలు కాంట్రాక్టరు వస్తాడు. జెండా మారుతుంది, బిల్లు మారదు. మన రాష్ట్రం మనకు కావాలి. దాంతోపాటు దాని చిట్టా పుస్తకం మన చేతిలో ఉండాలి. ఆ అలవాటు రేపటికి వాయిదా వేయొద్దు. ఈ సభ నుంచి ఇంటికి పోయేటప్పుడు మీ వీధి రోడ్డుతోనే మొదలుపెట్టండి.

జై రాయలసీమ!