ఎండల సీమలో ఇంటి కంప్యూటరు

వేసవి వచ్చినదనిన రెంటచింతల పేరు వార్తలలో వినబడక మానదు. వాతావరణ శాఖవారి పరిశీలన కేంద్రము అక్కడ ఉండుటచేత ఆ ఊరి ఎండ ప్రతిదినము లెక్కకెక్కుచుండును. మే నెలలో 45 డిగ్రీలు దాటిన దినములు అక్కడివారికి కొత్త కాదు. అట్టి ఊరిలో మిరప, ప్రత్తి పండించుకొను ఒక కుటుంబము పిల్లల చదువు కొరకును, ఇంటి లెక్కల కొరకును కంప్యూటరు కొనదలచినచో దేనిని కొనవలెను? పంట సొమ్ములోనుండి తీసిన డబ్బు. పొరబాటు జరిగినచో మరల కొనుట మరుసటి పంటకు గాని వీలుపడదు. కాబట్టి ధరల పట్టికకంటె ముందుగా ఊరి ఎండను, దుమ్మును, కరెంటును లెక్కలోనికి తీసికొనవలెనని మా అభిప్రాయము.

మొదట అవసరమును తేల్చుకొందము. డబ్బు పంపుటకు, యార్డులో ధర తెలిసికొనుటకు చేతిలోని ఫోను చాలును. దీర్ఘముగా వ్రాయుటకు, పద్దులు పట్టికలుగా వేయుటకు, ప్రోగ్రాములు నేర్చుటకు పెద్ద తెర, నిజమైన కీబోర్డు కావలెను. ల్యాప్‌టాప్ కరెంటు పోయినను కొంతసేపు పనిచేయును గాని దాని భాగములు ఇరుకుగా అమరియుండుటచేత మరమ్మతు ఖరీదగును. డెస్క్‌టాప్‌లో చెడిన భాగమును మాత్రమే మార్చుకొనవచ్చును. ఇంటిలో ఒకేచోట ఉంచి, నలుగురును వాడుకొనునట్టిదైనచో డెస్క్‌టాప్‌యే పొదుపు.

ఇక వేడి సంగతి. కంప్యూటరులోని పంకా గదిలోని గాలినే లాగి యంత్రముపై విసరును. ఆ గాలికంటె చల్లగా యంత్రమును ఉంచుట దానికి సాధ్యము కాదు. చాలా డెస్క్‌టాప్‌ల వివరపత్రములలో గదివేడి 35 డిగ్రీలకు మించరాదని వ్రాసియుండును. రేకుల కప్పు క్రింద, మే మధ్యాహ్నమున ఆ హద్దు ఎంతలో దాటునో చెప్పనక్కరలేదు. వేడి మించినప్పుడు ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. ఇంకను మించినచో యంత్రమే ఆగిపోవును. అనగా అధిక ధర చెల్లించి కొనిన వేగము వేసవి సెలవులలో, పిల్లలు ఇంటనుండు వేళకే, చేతికందకుండ పోవును.

అందుచేత తక్కువ కరెంటు తీసికొను ప్రాసెసరును కోరుట యుక్తము. సాధారణ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు 65 వాట్ల తరగతివి. 35 వాట్ల తరగతివియు దొరకును. ఇంటెల్ వారు 2023లో విడుదల చేసిన ఎన్100 అను రకము 6 వాట్ల తరగతిది. ఉత్తరములు, పాఠములు, వీడియోలు, పద్దులకు అదియు చాలును. ఆటలకొరకు వాడు ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు ఇంటి పనులకు అనవసరము. అది గదికి మరికొంత వేడిని చేర్చును. కరెంటు లెక్కయు చూడుడు: తెరతో కలిపి 80 వాట్లు వాడు కంప్యూటరు దినమునకు 4 గంటలు నడచినచో 30 దినములకు 9.6 యూనిట్లు, 40 వాట్లదైనచో 4.8 యూనిట్లు.

అరచేతి వెడల్పు గల చిన్న పెట్టెలు ఇప్పుడు చవకగా వచ్చుచున్నవి. అవి ముచ్చటైనవే గాని వాటి చిన్న పంకాలు దుమ్ముతో త్వరగా మూసుకొనిపోవును. మిరపకాయలు ఆరబోయు ముంగిలి గల ఇంటికి, తలుపు విప్పి బ్రష్షుతో తుడుచుటకు వీలగు పెద్ద పెట్టెయే నయము. దానిని నేలమీద గాక బల్లమీద, గోడకు జానెడు ఎడముగా ఉంచవలెను.

లోపలి భాగములలో రెండింటికి డబ్బు వెనుదీయరాదు. ర్యామ్ అనునది పని పరచుకొను బల్ల వంటిది. 8 గిగాబైట్లు కనీసము, మరియొకటి చేర్చుటకు ఖాళీ ఉండవలెను. దాచుకొను బీరువా వంటిది డిస్కు. అది పాత హార్డ్ డిస్కు కాక ఎస్.ఎస్.డి.గా ఉండవలెను. దానిలో తిరుగు భాగములు లేవు; యంత్రము త్వరగా తెరచుకొనును. ఇంటి అవసరములకు 256 గిగాబైట్లు చాలును.

కరెంటు పోకలకు 600 వోల్ట్ ఆంపియర్ల యు.పి.ఎస్. ఒకటి తప్పదు. అది గంటల కొలది నడపుటకు కాదు. పని భద్రపరచి కంప్యూటరును క్రమముగా ఆపుకొనుటకు. దాని బ్యాటరీయు వేడికి లొంగునదే. 25 డిగ్రీలపైన ఉజ్జాయింపుగా పదేసి డిగ్రీలు పెరిగిన కొలది ఆ బ్యాటరీ ఆయుష్షు సగమగును. కాబట్టి ఎండ తగులు కిటికీ క్రింద దానిని పెట్టరాదు. ఇంటికి సరియైన ఎర్తింగు ఉన్నదో లేదో మేస్త్రీచేత చూపించుకొని, వేసవిలో ఆ గుంటలో నీరు పోయుచుండుట మంచిది.

చవక కొరకు పలువురు కంపెనీలు వాడి విడిచిన డెస్క్‌టాప్‌లను కొందురు. అది తప్పు కాదు గాని ఒక సంగతి గమనింపవలెను. విండోస్ 10నకు మైక్రోసాఫ్ట్ వారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11నకు టి.పి.ఎం. 2.0 అను భద్రతా ఏర్పాటును, ఇంటెల్ వారివైనచో దాదాపుగా ఎనిమిదవ తరము మొదలుకొని వచ్చిన ప్రాసెసరును కావలెను. "ఐ5 అండీ" అని దుకాణదారు చెప్పినంత మాత్రమున చాలదు. ఐ5-8500 అని ఉన్నచో గీత తరువాతి 8 దాని తరమును తెలుపును. ఐ5-3470 అనినచో అది మూడవ తరముది. అట్టి పాత యంత్రము మిక్కిలి చవకగా దొరకినచో ఉచితముగా లభించు లినక్స్‌తో నడుపుకొనవచ్చును. తెలుగు వ్రాతకును అందులో ఏర్పాటున్నది. విండోస్‌యే కావలెననినచో మాత్రము దానిని కొనరాదు.

ప్రత్తి విత్తనముల సంచి కొనునప్పుడు మన రైతులు లాట్ నంబరు చూచి, రసీదు అడిగి తీసికొందురు. కంప్యూటరు దుకాణములోను అదే పద్ధతి పాటింపవలెను. ప్రాసెసరు పూర్తి పేరు, ర్యామ్, ఎస్.ఎస్.డి., విద్యుత్తు సరఫరా పెట్టె, ఒక్కొక్క దాని వారంటీ విడివిడిగా బిల్లుమీద వ్రాయించుకొనవలెను. వీలైనచో మాచర్లలోనో, నరసరావుపేటలోనో మరమ్మతు చేయగలవారున్నట్టి రకమునే ఎంచుకొనవలెను. కొనిన తరువాత నెలకొకసారి దుమ్ము తుడిచి, మే మధ్యాహ్నములలో దానికి విశ్రాంతినిచ్చి, ఉదయమున, రాత్రివేళ వాడుకొనినచో ఆ యంత్రము చాలాకాలము ఆ ఇంటిని అంటిపెట్టుకొని యుండును.