వాగ్దానానికి ముందున్న వచనాలు
(స్మారకోపన్యాసం)



ఎవరి జ్ఞాపకార్థం మనం ఏటా ఇలా కూడుకుంటున్నామో ఆ పెద్దాయన పల్లెటూరి బడిలో పాఠాలు చెప్పి, ఆదివారాలు వాక్యం చెప్పినవారు. తనను వేదిక మీద పొగడవద్దని ఇంటివాళ్లకు చెప్పి వెళ్లారు. ఆ మాట మన్నిస్తాను. ఒక వచనం చదివితే దాని పైనా కిందా ఏముందో చూడనిదే ఆయన పుస్తకం మూసేవారు కారు. ఈ సాయంత్రం మనమూ అలాగే చూద్దాం.

డిసెంబరు 31 రాత్రి ఆరాధన చివర మన సంఘాల్లో వాగ్దాన కార్డులు పంచుతారు. ఒక్కొక్కరూ ఒక్కో కార్డు తీసుకుని, దేవుడు ఈ సంవత్సరానికి తనకిచ్చిన మాటగా బైబిల్లో దాచుకుంటారు. ఈ అలవాటును తేలిక చేసి మాట్లాడటానికి నాకు నోరు రాదు. ఆపరేషన్ థియేటర్ బయట ఆ ఒక్క వచనాన్నే పట్టుకుని రాత్రంతా కూర్చున్న తల్లులు మన మధ్యే ఉన్నారు. నా దిగులల్లా, చాలామందికి లేఖనంతో పరిచయం ఆ కార్డుతోనే ఆగిపోతోందని.

ఆ కార్డుల్లో తరచుగా కనిపించేది యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం. దేవుడు తన ప్రజల మేలు కోరే ఉద్దేశం కలిగి ఉన్నాడనీ, వాళ్లకు రాబోయే కాలంలో నిరీక్షణ ఉందనీ చెప్పే మాట. అది ఒక ఉత్తరంలోని మాట. నెబుకద్నెజరు చెరపట్టి బబులోనుకు తీసుకుపోయిన వాళ్లకు యిర్మీయా యెరూషలేము నుంచి రాసిన ఉత్తరం. 10వ వచనంలో ఏముంది? డెబ్బై ఏళ్లు గడిచాకే దేవుడు వాళ్లను వెనక్కి తీసుకొస్తాడని ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న నడివయసు వాళ్లెవరూ తిరిగి యెరూషలేము ముఖం చూడరు. మరి ఇంకాస్త పైకి వెళ్తే? ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి అని ఉంది.

దాని ముందు అధ్యాయం కూడా చదవాలి. అక్కడ హనన్యా అనే ప్రవక్త మందిరంలో అందరి ముందూ నిలబడి, రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారని దేవుని పేరు మీదే ప్రకటించాడు. యిర్మీయా మెడ మీది కాడిని లాగి విరగ్గొట్టాడు కూడా. జనానికి ఎవరి మాట తియ్యగా ఉండి ఉంటుందో వేరే చెప్పాలా? రెండేళ్లన్న హనన్యా ఆ సంవత్సరమే చనిపోయాడు. డెబ్బై ఏళ్లన్న యిర్మీయా మాట నిలిచింది. ఈనాడు మన సభల్లో ఎవరైనా మైకు పట్టుకుని ఈ నెలలోనే మీ అప్పు తీరుతుంది, ఈ వారంలోనే మీ వీసా వస్తుంది అంటుంటే నాకు యిర్మీయా 28వ అధ్యాయమే గుర్తొస్తుంది. అలాంటి మాట నమ్మి, అది జరగనప్పుడు దేవుణ్ణే వదిలేసుకున్న యువకులున్నారు. వాళ్లు వదిలేసుకున్నది హనన్యా చెప్పిన దేవుణ్ణి. యిర్మీయా చెప్పిన దేవుణ్ణి వాళ్లకు ఎవరూ పరిచయం చేయలేదు.

దేవుణ్ణి పూర్తిగా నమ్మడమంటే మనసులో బలవంతంగా ధైర్యం పుట్టించుకోవడం అనుకుంటాం. అలా పుట్టించుకున్న ధైర్యం ఆసుపత్రి రిపోర్టు చేతికొచ్చే దాకానే ఉంటుంది. ఒక మనిషిని నమ్మాలన్నా ఆయన గుణం తెలియాలి, ఎన్నో సందర్భాల్లో ఆయన ఎలా నడుచుకున్నాడో చూడాలి. దేవుడు తనవాళ్లతో ఎలా నడుచుకున్నాడో చూడటానికి మనకున్న చోటు లేఖనం, అదీ మొత్తంగా. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. ఓదార్పు ఒక్క మాటైనా లేకుండా ముగిసిన ఆ ప్రార్థన కూడా కీర్తనల గ్రంథంలో ఉందంటే, దేవుడు అలాంటి ప్రార్థనను కూడా తన ముందు ఉంచనిచ్చాడన్న మాట. ఇది తెలిసిన మనిషి ఏడవడానికి సిగ్గుపడడు, తన విశ్వాసం పోయిందేమోనని భయపడడు.

వచనాన్ని విడదీసి పట్టుకుంటే ఎంత ప్రమాదమో సువార్తే చూపించింది. మత్తయి 4వ అధ్యాయంలో అపవాది ప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, కిందికి దూకమని చెప్పి 91వ కీర్తనను వల్లించాడు. మన ఇళ్ల గుమ్మాల మీద రాసుకునే కీర్తనే అది. ప్రభువు దూకలేదు. అపవాది పెట్టిన మూడు శోధనలకూ ఆయన ద్వితీయోపదేశకాండము నుంచే జవాబిచ్చాడు. నలభై ఏళ్లు ఎడారిలో ఏ రోజు మన్నా ఆ రోజే ఏరుకుని బతికిన జనానికి చెప్పిన మాటలవి. విశ్వాసం పేరు చెప్పి బీపీ మాత్రలు మానేసే వాళ్లకూ, మానెయ్యమని చెప్పే వాళ్లకూ నేను చూపించేది ఈ అధ్యాయమే. దేవుణ్ణి నమ్మడం వేరు, దేవుణ్ణి పరీక్షించడం వేరు.

మన హైదరాబాదులో జీవించి వెళ్లిన ఒక మనిషిని ఇక్కడ తలుచుకోవాలి. సహోదరుడు భక్తసింగ్ 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టారు. మిషను బడిలో చదువుకునే రోజుల్లో బహుమతిగా వచ్చిన బైబిలు కాగితాలు చింపేసి, తోలు అట్ట బాగుందని దాన్ని మాత్రం ఉంచుకున్నారు. ఇంజనీరింగ్ చదువుతూ కెనడాలోని విన్నిపెగ్‌లో ఉన్నప్పుడు, 1929 డిసెంబరులో, ఒక స్నేహితుణ్ణి అడిగి కొత్త నిబంధన తీసుకున్నారు. ఆ రాత్రి తెల్లవారుజాము దాకా చదివారు. మర్నాడు బయట మంచు కురుస్తుంటే గదిలోనే ఉండి చదివారు. ఏదో ఒక పుట తెరిచి అక్కడక్కడా చూడలేదు, మత్తయి మొదలుపెట్టి వరసగా చదువుతూ పోయారు. యోహాను 3వ అధ్యాయం 3వ వచనం దగ్గరికి వచ్చాక ఇక ముందుకు కదలలేకపోయారు. నాకు ఇందులో ముఖ్యంగా కనిపించేది ఆ వరస. అంతకుముందు మూడు సువార్తలు చదివి ఉన్నారు కాబట్టే ఆ ఒక్క వచనం అంత బరువుగా తగిలింది.

1933లో ఆయన తిరిగొచ్చినప్పుడు బొంబాయిలో తల్లిదండ్రులు ఆయన్ను కలిసి, కుటుంబ గౌరవం కోసం ఈ విశ్వాసాన్ని బయటపెట్టవద్దని అడిగారు. ఆయన ఒప్పుకోలేదు. ఇల్లు దూరమైంది. ఆ నగర వీధుల్లోనే ప్రసంగించడం మొదలుపెట్టారు. జీతం తీసుకోకుండా, అవసరాలు మనుషులకు చెప్పుకోకుండా, దేవునికే చెప్పుకుని బతకడం తన పద్ధతిగా పెట్టుకున్నారు. తర్వాత హైదరాబాదులో గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర ఆయన సంఘ కేంద్రమైన హెబ్రోనులో కూడికలకు వేలమంది వచ్చి, నేల మీద వరసగా కూర్చుని కలిసి భోంచేసేవారు. ఆయన మోకాళ్ల మీద ఉండి బైబిలు చదివేవారని ఆ తరం వాళ్లు ఇప్పటికీ చెబుతారు. అంత విశ్వాసం ఉన్న మనిషి కూడా చివరి ఏళ్లు జబ్బుతో మంచం మీదే గడిపారు. 2000 సెప్టెంబరు 17న 97వ ఏట హెబ్రోనులోనే కన్నుమూశారు. పూర్తిగా నమ్మినవాడికి జబ్బు రాదని చెప్పేవాళ్లు ఆ మంచం గురించి ఏమంటారు?

ఇక హబక్కూకు. ఈ ప్రవక్త దేవుడితో వాదానికి దిగాడు. దేశంలో ఇంత అన్యాయం జరుగుతుంటే చూస్తూ ఊరుకుంటావేమని అడిగాడు. కల్దీయులను రప్పిస్తున్నానన్న జవాబు వచ్చింది. ఆ జవాబు ప్రశ్న కన్నా భయంకరంగా ఉంది. మాకన్నా దుర్మార్గుల చేత మమ్మల్ని శిక్షిస్తావా అని మళ్లీ అడిగి, కావలి గోపురం ఎక్కి జవాబు కోసం కనిపెట్టుకుని ఉన్నాడు. చివరికి పోగలిగినవన్నీ ఒక్కొక్కటిగా లెక్క పెట్టాడు. అంజూరం, ద్రాక్ష, ఒలీవ, చేను, దొడ్డిలో గొర్రెలు, సాలలో పశువులు. ఇవన్నీ పోయినా తాను దేవునిలో ఆనందిస్తానన్నాడు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమ మీద పడ్డప్పుడు చేనూ పశువూ మనిషీ ఒక్కసారే పోయిన ఊళ్లు మనవి. ఆ జాబితాలో ఏముందో మనకు ఎవరూ వివరించనక్కర్లేదు. ఆ పశువులు తిరిగొచ్చినట్టు గ్రంథంలో ఎక్కడా లేదు. ప్రశ్న అడిగినవాడే మూడో అధ్యాయంలో పాట పాడాడు. మొదటి అధ్యాయం దాటేసి ఎవరూ ఆ పాట దగ్గరికి రాలేరు.

సంఘ కాపరులను ఒకటి వేడుకుంటున్నాను. వచ్చే డిసెంబరులో కార్డులు పంచండి, వద్దనను. ప్రతి కార్డు వెనకా ఆ వచనం ఉన్న అధ్యాయమంతా చదవమని ఒక్క వాక్యం అచ్చు వేయించండి. జనవరిలో ఒక్కో ఆదివారం అలాంటి ఒక్కో అధ్యాయం మీద ప్రసంగించండి.

ఇంటి పెద్దలారా, రేపటి కుటుంబ ప్రార్థనలో హబక్కూకు మొదలుపెట్టండి. మూడే అధ్యాయాలు, 56 వచనాలు. రోజుకో అధ్యాయం పిల్లల చేత గట్టిగా చదివించండి, వాళ్లు అడిగిన ప్రశ్న ఏదైనా ఆపకుండా వినండి.