ఆడినవానికి శిక్ష లేదు

ఈ పూట సెల్‌ఫోనులో ఆడే పందెముల గురించి కొద్దిసేపు ఆలోచించుకుందాం.

గోదావరి జిల్లాలవారికి పందెమంటే కొత్తగా చెప్పనక్కరలేదు. సంక్రాంతికి కోడిపందెముల బరుల ప్రక్కనే గుండాట బల్లలు వెలుస్తాయి. అయితే పండుగ వెళ్లిపోతే బరి ఎత్తేస్తారు. ఫోనులోని రమ్మీకి పండుగ లేదు, పొద్దు లేదు. ఇంటిల్లిపాదీ నిద్రపోయాక, ముక్కూముఖం తెలియనివారితో దుప్పటి క్రింద కూడా ఆడవచ్చు. ప్రక్కవారికి తెలియకుండానే బ్యాంకులో సొమ్ము ఖాళీ అవుతుంది.

ప్రభుత్వములు చూస్తూ ఊరుకోలేదు. 2020 సెప్టెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టమును సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. నడిపినవారికే కాదు, ఆడినవారికి కూడా 6 నెలల వరకు జైలు అని ప్రకటించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ ఒక చట్టము చేసింది. అటువంటి ఆటలు నడిపేవారికి 3 సంవత్సరముల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. వాటికి ప్రకటనలు ఇచ్చేవారికి 2 సంవత్సరముల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. పందెము లేని ఆటలను, ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం నిషేధించలేదు. కనుక మీ అబ్బాయి స్నేహితులతో కలిసి ఫోనులో ఆడుతుంటే కేకలు వేయకముందు ఒక్కమాట అడగండి: "ఇందులో డబ్బు పెట్టావా, నాయనా?"

మరియొక సంగతి గమనించండి. 2025 చట్టము ఆడినవానికి ఏ శిక్షా విధించలేదు. వానిని బాధితునిగానే ఎంచింది. మరి మన ఇండ్లలో? అప్పు సంగతి చెబితే తండ్రి ఏమంటాడో, భార్య ఏమైపోతుందో, సంఘములో తల ఎలా ఎత్తుకోవాలో అని నోరు విప్పలేక, ప్రాణములు తీసుకొన్నవారి వార్తలు మన పత్రికలలోనే చదివాము. చట్టము శిక్షించనివానిని మన మాటలతో శిక్షించుదుమా? ఆస్తి పాడుచేసుకొని వచ్చిన కుమారుని ఆ తండ్రి ముందు కౌగిలించుకొన్నాడు గాని లెక్క అడుగలేదు.

లెక్క వద్దని కాదు, ప్రియులారా. కౌగిలించుకొన్న తరువాత కలిసి కూర్చుని ప్రతి అప్పు కాగితం మీద వ్రాయండి. పాత అప్పు తీర్చుటకు కొత్త అప్పు చేయనివ్వకండి. మనస్సు కృంగినవాడుంటే 14416 టెలి-మానస్ నంబరుకు ఫోను చేయించండి. ఆ రాత్రి వానిని ఒంటరిగా విడువకండి.

ఈ మాటలు వినుచున్న తమ్ముడా, నీవే ఆ స్థితిలో ఉన్నావా? తెల్లవారేదాకా ఆగవద్దు. ఇంట్లో ఒక్కరిని లేపి చెప్పు. ప్రభువు నీకు ధైర్యమును, వినువారికి కనికరమును అనుగ్రహించును గాక. ఆమేన్.