ఇంటి వద్ద నర్సు పని: అదియు ఒక విద్యయే
(బొంరాస్‌పేటలో స్త్రీల సమాజ కూడికయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇంటి వద్ద రోగులకు సేవ చేయు నర్సుల నైపుణ్యమును గూర్చి మాట్లాడుమని నన్ను కోరినారు. నర్సు అనగానే మనము ఆమె ఓర్పును, దయను మెచ్చుకొనుచున్నాము. అది మంచిదే. అయితే దయగల మనస్సు ఒక్కటే చాలదు. ఇంటి నర్సు పని కష్టపడి నేర్చుకొనవలసిన విద్య. ఈ సంగతి మనము గ్రహింపనందున నష్టపడుచున్నది మంచము మీదనున్న రోగి, అతని ప్రక్కన నిద్ర లేక కూర్చున్న ఆ యింటి ఆడకూతురు.

దీనికి గురుతు మన ప్రాంతములోనే యున్నది. వికారాబాదు ప్రక్కన అనంతగిరి కొండ మీద నిజాం కాలములో క్షయ ఆస్పత్రి వెలసినది. క్షయకు కొండగాలి, విశ్రాంతి, మంచి ఆహారము ముఖ్యమని ఆనాటి వైద్యుల నమ్మకము. రోగులు నెలల తరబడి ఇల్లు విడిచి ఉండవలసి వచ్చెడిది. క్రొత్త మందులు వచ్చిన తరువాత 1956లో మద్రాసులో ఒక పరిశోధన ఆరంభమైనది. 193 మంది బీద రోగులలో సుమారు సగము మందిని శానిటోరియములోను, మిగిలినవారిని వారి ఇరుకు ఇండ్లలోను ఉంచి, ఒకే మందులు ఒక సంవత్సరము ఇచ్చినారు. 1959లో ఫలితములు ప్రకటించినారు. ఇంటిలో ఉన్నవారు దాదాపు అంత బాగుగానే కోలుకొనినారు. వారి ఇంటివారికి వ్యాధి అదనముగా సోకలేదు. మాత్రలిచ్చి పంపినంతమాత్రమున ఇది జరుగలేదు. చెప్పకుండ ఇంటికి పోయి మాత్రలు లెక్కించుట, మూత్రము పరీక్షించుట, మందు ఎందుకు మానరాదో నచ్చజెప్పుట, ఇవన్నియు క్రమము తప్పక జరిగినవి.

అంతకు ముందే, 1859లో, ఇంగ్లండులోని లివర్‌పూలులో విలియం రాత్‌బోన్ అను వర్తకుడు తన భార్యకు చివరి దినములలో సేవ చేసిన మేరీ రాబిన్సన్ అను నర్సును బీదల ఇండ్లకు పంపెను. మేలు కండ్లకు కనబడినది. ఇంకను నర్సులు కావలెనని వెదకగా శిక్షణ పొందినవారు చాలినంతమంది దొరకలేదు. అందుచేత ఫ్లారెన్స్ నైటింగేల్ సలహాతో 1862లో అక్కడ నర్సుల శిక్షణశాల ఏర్పడినది. మంచి మనస్సు గలవారికి కొదువ లేదు, నేర్చినవారికే కొదువ.

ఆ నేర్పు ఎట్టిదో నాలుగు మాటలలో చెప్పెదను.

మొదటిది చూపు. ఆస్పత్రిలో పిలిచిన వెంటనే డాక్టరు వచ్చును. ఇంటిలో నర్సు ఒంటరి. పక్షవాతము వచ్చిన పెద్దాయన తాండూరు బండల నేల మీద చాప పరచుకొని పడియున్నాడనుకొనుడి. ఇంటివారు జ్వరము ఉన్నదా అని చూతురు. నర్సు నడుము క్రింది ఎముకను, తుంటిని, మడమలను చూచును. వ్రేలితో నొక్కినను తెల్లబడని ఎరుపు పడకపుండుకు మొదటి గురుతు. నల్లని చర్మము మీద ఎరుపు తెలియదు గనుక వెచ్చదనము, గట్టిదనము తడిమి చూచును. ఆ చోట రుద్దనీయదు. చాప తీయించి మెత్తని పరుపు వేయించి, రెండేసి గంటలకు ప్రక్క మార్పించును. నీళ్ళు త్రాగునప్పుడు దగ్గు వచ్చినను, గొంతు గురగురలాడినను నోటితో పెట్టుట ఆపించి డాక్టరుకు తెలుపును.

రెండవది చేయి. ముక్కు గొట్టము ద్వారా ఆహారము పోయుటకు ముందు గొట్టము జారలేదని నిర్ధారించుకొనవలెను. ఆస్పత్రి మంచము లేకున్నను వీపు వెనుక బొంతలు మడచి పెట్టి కూర్చుండబెట్టవలెను. పోసిన తరువాత అరగంటకు తక్కువ కాకుండ అట్లే ఉంచవలెను. మూత్రపు సంచి నడుముకంటె క్రిందనే ఉండవలెను, నేలకు తగులరాదు. బస్సులో తాండూరు పోవునప్పుడు సంచిని భుజమునకు తగిలించుకొనినచో మూత్రము వెనుకకు పోయి రోగము తెచ్చును. క్యాన్సరు పుండు వాసనకు చుట్టములు గది విడిచి పోవుదురు. కాచిన ఉప్పునీటితో కడిగి, డాక్టరు చెప్పిన మెట్రోనిడజోల్ మాత్ర పొడిచేసి చల్లినచో వాసన తగ్గును. మనుష్యులు మరల ప్రక్కన కూర్చుందురు.

మూడవది బోధ. నర్సు ఉండునది ఒక గంట. మిగిలిన ఇరువది మూడు గంటలు ఇంటివారివే. కావున తాను చేసి చూపి, వారిచేత చేయించి చూచి, అప్పుడే గడప దాటవలెను. పసరు పూసినారని కసరరాదు. ఏమి పూసినారో మెల్లగా అడిగి తెలిసికొనవలెను. తండాలో లంబాడీ మాట, మరియొక ఇంట ఉర్దూ మాట నాలుగు వచ్చినను మేలే. భారమంతయు కోడలి మీదనే పడకుండ కొడుకులకు, మనుమలకు పని పంచుటయు ఈ విద్యలోనిదే.

నాలుగవది హద్దు. నాడి, రక్తపోటు, మందు వేళలు పుస్తకములో వ్రాయవలెను. ముఖము వంకరపోయినను, చేయి పడిపోయినను, మాట తడబడినను గృహవైద్యము ఆపి తక్షణమే 108కి ఫోను చేయించవలెను. ఇంటికి వచ్చి సెలైను పెట్టునామెయే నర్సు అని మనవారిలో ఒక భ్రమ కలదు. డాక్టరు వ్రాయనిదే సెలైను పెట్టనని చెప్పగల నర్సే నమ్మదగినది.

మాన్పలేని రోగములోను చేయదగిన పని ఎంతో యున్నది. కేరళలో కాలికట్టునందు 1993లో ఆరంభమైన ఉపశమన సేవ ఇండ్లకే నడచి వెళ్ళినది. 2014లో మత్తుమందుల చట్టమును సవరించినందున నొప్పికి మార్ఫిన్ ఇచ్చుట సులభమైనది. తెలంగాణలో ప్రభుత్వము ఉపశమన కేంద్రములు తెరచి, 'ఆలన' వాహనములలో నర్సులను రోగుల ఇండ్లకు పంపు ఏర్పాటు చేసినది. చేవెళ్లలోను అట్టి కేంద్రము ఏర్పడినది. నొప్పి ఎంత, ఎప్పుడు హెచ్చుచున్నది, మార్ఫిన్‌తో మలబద్ధము వచ్చినదా అని అడిగి తెలిసికొనునది ఆ ఇంటికి వచ్చు నర్సే.

చివరగా మూడు మనవులు. ఇంటికి నర్సును పెట్టుకొనునప్పుడు ఆమె చదువును, రాష్ట్ర నర్సింగు కౌన్సిల్ రిజిస్ట్రేషనును అడుగుడి. ఏ.ఎన్.ఎం. రెండేండ్లు, జి.ఎన్.ఎం. మూడేండ్లు, బి.ఎస్సీ. నర్సింగు నాలుగేండ్లు చదువవలెను. చదువని సహాయకురాలిని గౌరవించుడి, కాని గొట్టములు, సూదులు ఆమె చేతికి ఇయ్యకుడి. రెండవది, మన సంఘపు పిల్లయే గదా అని జీతము ఎగవేయకుడి. మూడవది, రోగిని చూడబోయి ప్రార్థించి వెంటనే లేచి రాకుడి. నర్సు ఏమి చెప్పి వెళ్ళినదో అడిగి, రెండు గంటలు మీరు ప్రక్కన ఉండి, ఆ ఇంటి తల్లిని నిద్రపోనియ్యుడి.